జాతిని తిట్టే ముందు మేత చూడండి



ఈ మధ్య చాలా ఊళ్లల్లో గ్రామప్రియ, వనరాజా, రాజశ్రీ లాంటి పెరటి కోళ్లు పెంచుతున్నారు. మంచిదే. కానీ ఆరేడు నెలలు తిరిగేసరికి ఒకటే మాట వినపడుతది: "గుడ్లు బాగా పెడతదన్నారు, పెట్టట్లేదు. పెట్టినా తోలు గుడ్లే. ఈ జాతి మన ఊరికి పనికిరాదు." ఆ మాటతోనే కోడి కూర గిన్నెలోకి పోతది. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. చాలా ఇళ్లల్లో తప్పు జాతిది కాదు, మేతది.

మన నాటు పెట్టనే చూడండి. విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటది. తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతది. ఏడాదంతా లెక్కేస్తే 50, 60 గుడ్లు. ఆ కొద్ది గుడ్లకు పెంటకుప్ప మీద పురుగులు, కల్లంలో రాలిన గింజలు, గరిక చిగుళ్లు, సాయంత్రం గుప్పెడు నూకలు సరిపోతయి. గ్రామప్రియ అట్లా కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ గుడ్ల కోసమని తయారుచేసిన రకం అది. మంచి మేత మీద ఏడాదికి 200 దాకా పెట్టగలదు. మూడు రెట్ల గుడ్లు అడుగుతూ నాటు కోడికి వేసినంతే వేస్తే అది ఎక్కడి నుంచి తెస్తది? పాలిచ్చే బర్రెకు వట్టి వరిగడ్డి వేసి రెండు పూటలా చెంబు నిండాలంటామా? దాణా పెడతాం కదా. కోడికి కూడా అదే న్యాయం.

"మేం రోజూ నూకలు, మక్కలు కడుపునిండా వేస్తున్నం" అంటారు. నిజమే, కోడి కడుపు నిండుతది. కానీ గుడ్డుకు కావాల్సింది అందులో లేదు. గుడ్లు పెట్టే కోడి మేతలో మాంసకృత్తులు 16, 17 శాతం ఉండాలి. నూకల్లో, మక్కల్లో ఎనిమిది, తొమ్మిది శాతమే. ఒక్క గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు బయటికి పోతయి. వట్టి గింజలు తిన్న కోడికి కొవ్వు పడుతది. చూడటానికి బొద్దుగా ఉంటది, గుడ్డు మాత్రం రాదు.

ఇంక పెంకు సంగతి. గుడ్డు పెంకు ఐదారు గ్రాములు తూగుతది. అందులో రెండు గ్రాములకు పైగా కాల్షియమే. తిన్న కాల్షియం అంతా ఒంటికి పట్టదు, సగం వరకే పడుతది. అంటే గుడ్డు పెట్టే రోజున కోడి లోపలికి నాలుగు గ్రాములు పోవాలి. నూకల్లో కాల్షియం లేనట్టే లెక్క. "రాగులు వేస్తం, అందులో బాగా ఉంటది" అని కొందరంటారు. మనుషుల తిండి లెక్కన అది నిజం. కానీ 100 గ్రాముల రాగుల్లో ఉండేది గ్రాములో మూడో వంతు మాత్రమే. నాలుగు గ్రాములు రావాలంటే కిలోకు పైగా తినాలి. కోడి రోజంతా తినేదే 100, 110 గ్రాములు!

మేతలో దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతది. కొన్నాళ్లు మనకు తెలియదు. తర్వాత పెంకు పల్చబడుతది, తోలు గుడ్డు పడుతది, కోడి కాళ్లు ఈడుస్తది, ఆఖరుకు గుడ్లే ఆపేస్తది. మనమేమో ఏదో తెగులు వచ్చిందని మందుల షాపుకు పోతాం.

దీనికి పెద్ద ఖర్చు లేదు. కోళ్ల దాణా అమ్మే చోట షెల్ గ్రిట్ అని దొరుకుతది, అంటే ఆల్చిప్పల నూక. అది లేకుంటే దాణాకు వాడే సున్నపురాయి నూక తీసుకోండి. మేతలో కలపకుండా వేరే చిప్పలో పోసి గూడు దగ్గర పెట్టండి. గుడ్లు పెట్టే పెట్ట తనకు కావాల్సినంత అదే ఏరుకుంటది, పుంజు పెద్దగా ముట్టదు. సాయంత్రం తప్పకుండా అందుబాటులో ఉండాలి. పెంకు ఎక్కువగా కట్టుకునేది రాత్రిపూటే, ముతక నూక కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతది. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులైనా వేయించి, బాగా నలగ్గొట్టి వేయొచ్చు. పాన్లో వేసుకునే సున్నం, గోడలకు వేసే సున్నం మాత్రం పెట్టొద్దు. నోరు, పేగులు కాలిపోతయి.

రెండో మాట, షాపులో ఏ బస్తా అడగాలి? "కోళ్ల మేత ఇయ్యి" అంటే చాలాచోట్ల బ్రాయిలర్ మేత చేతిలో పెడతరు. అది నెలన్నరలో కోసే కోడికి చేసిన మేత. మాంసకృత్తులు ఎక్కువ, ధర ఎక్కువ, కాల్షియం ఒక్క శాతం చుట్టూ ఉంటది. లేయర్ మేతలో మూడున్నర, నాలుగు శాతం ఉంటది. బ్రాయిలర్ బస్తాలో రక్తపారుడు రాకుండా మందులు కూడా కలిపి ఉండొచ్చు. గుడ్డు తినేది మన పిల్లలు. అందుకే బస్తా మీద రాసింది చదివించుకుని కొనండి.

లేయర్ మేత మంచిదని పిల్లలకు, పెరిగే పెట్టలకు వేస్తే అదీ తప్పే. గుడ్లు పెట్టని కోడికి అంత కాల్షియం పోతే మూత్రపిండాలు దెబ్బతింటయి. మొదటి గుడ్డు పడ్డాకే లేయర్ మేత. మరి మన పెరట్లో తల్లి, పిల్లలు, పుంజు అన్నీ ఒకే పళ్లెం మీద పడతయి కదా? అప్పుడు అందరికీ గ్రోయర్ మేత వేసి, పెట్టల కోసం గ్రిట్ చిప్ప విడిగా పెట్టండి. చిన్న పిల్లలకు మాత్రం వాటి స్టార్టర్ మేత గంప కింద వేరే వేయాలి.

ఇంట్లోనే కలుపుకుంటామంటే పది కిలోలకు నా లెక్క ఇది: మక్కలు, నూకలు కలిపి ఐదున్నర కిలోలు, మంచి తౌడు రెండు కిలోలు, పల్లి చెక్క, సోయా చెక్క చెరిసగం కలిపి రెండు కిలోల 300 గ్రాములు, కోళ్ల మినరల్ మిక్చర్ ప్యాకెట్ మీద రాసినంత, ఉప్పు 30 గ్రాములు. గ్రిట్ ఎట్లాగూ విడిగా ఉంటది. బయట తిరిగి మేసే కోడికి సాయంత్రం 50 గ్రాములు వేయండి. ఎండాకాలం పురుగు, పచ్చిక దొరకవు, అప్పుడు పెంచాలి. కోతలప్పుడు కల్లాల్లో గింజ ఉంటది, తగ్గించొచ్చు. అసలు లెక్క కోడి మెడ కిందే ఉంటది. గూట్లోకి పోయేటప్పుడు మేత సంచి తడిమి చూడండి. ఖాళీగా తగిలితే ఆ రోజు బయట ఏమీ దొరకలేదన్నట్టు.

పల్లి చెక్కతో జాగ్రత్త. బూజు పట్టింది చవగ్గా వస్తుందని తేవద్దు. ఎండబెడితే బూజు కనపడకుండా పోతది గానీ అందులో పుట్టిన విషం పోదు. పత్తి గింజల చెక్క బర్రెలకు సరే, గుడ్ల కోళ్లకు వద్దు, గుడ్డు లోపలి రంగు పాడవుతది. అజొల్లా వేయండి, మంచిదే. కానీ అందులో తొంభై శాతం పైగా నీళ్లే. అది కూర లాంటిది, అన్నం కాదు.

"మా తాతలు ఏ బస్తా కొన్నారు?" అని అడిగేవాళ్లు ఉంటారు. కొనలేదు, కానీ వాళ్లు 200 గుడ్లూ అడగలేదు. మీకు ఐదారు నాటు కోళ్లే ఉండి, పండక్కి కోడి, పిల్లలకు అప్పుడప్పుడు గుడ్డు చాలనుకుంటే బస్తా దండగ. నూకలు, పురుగులు, ఒక చిప్ప గ్రిట్ చాలు. గుడ్లమ్మి నెలనెలా నాలుగు రూపాయలు చూడాలనుకుంటే మాత్రం మేతకు ముందే లెక్క కట్టుకోండి. ఆ లెక్క కుదరకపోతే కోళ్ల సంఖ్య తగ్గించండి గానీ మేత తగ్గించకండి. అరకడుపుతో ఉన్న ఇరవై కోళ్ల కంటే సరిగ్గా తిన్న పది కోళ్లు ఎక్కువ గుడ్లిస్తయి.

చాలా ఇళ్లల్లో గుడ్ల డబ్బు ఆడవాళ్ల చేతి ఖర్చు. పిల్లల నోట్లోకి పోయే బలమైన ముద్ద కూడా అదే. జాతి మీద నెపం వేసి కోడిని కోస్తే పోయేది అదే. రేపు కోళ్లను వదిలే ముందు గూడు దగ్గర ఒక చిప్పలో గ్రిట్ పోసి చూడండి. జాతి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.