గిరిగారితో ఓ కప్పు కాఫీ

మొన్న మా సంఘం వనభోజనాల్లో పిల్లలు పెద్దలకు ఓ చిక్కు ప్రశ్న వేశారు. చరిత్రలోంచి ఒక్కరిని పిలిచి, ఎదురుగా కూర్చుని ఏదైనా తాగే అవకాశం వస్తే ఎవరిని పిలుస్తారని. ఒకాయన శ్రీకృష్ణదేవరాయలన్నారు. నేను అంత దూరం పోలేదు. మన బరంపురంలోనే 1894లో పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారన్నాను.

తాగేది మాత్రం కాఫీయేనండోయ్! వారి తల్లి సుభద్రమ్మగారు మద్యనిషేధం కోసం పోరాడి అరెస్టయిన మనిషి.

ఆయన రాష్ట్రపతి అని పిల్లలకు తెలుసు. మా బ్యాంకువాళ్ల లెక్క వేరు. 1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసింది, తాత్కాలిక రాష్ట్రపతిగా, ఆయనే. నాకు అంతకన్నా పెద్దది 1954 నాటి సంగతి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించిందని కేంద్ర కార్మికమంత్రి పదవినే వదిలేశారు. ఆ రోజు ఇంటికెళ్లి ఏమని చెప్పారు బాబూ, అని అడగాలి.

ఎందుకంటే, కొన్నేళ్ల క్రితం నాతో పనిచేసిన గుమాస్తాకు చేయని తప్పుకు చార్జిషీటు ఇచ్చారు. కాగితాలు నేను చూశాను. నిజం నాకు తెలుసు. అప్పుడే నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. నోరు మెదపలేదు. ప్రమోషన్ వచ్చింది.

అంతా విని మా మేనకోడలు, "ఆయన ఇప్పుడెక్కడున్నారు మావయ్యా?" అంది.

ఛత్రపురంలో. అట్టే దూరం కాదు. ఆయనతో కాఫీకి నేనింకా వెళ్లలేదు.