దిగిన సీటుకూ కర్చీఫేనా?

అమెరికాలో కొత్త సెనేటర్ గెలిచి ప్రమాణం చేశారో లేదో, ‘ఈయన రేపు గవర్నర్‌గా పోటీ చేస్తారా?’ అని చర్చ మొదలవుతుంది. గెలుపు అవకాశాలు, విరాళాలు, సొంత పార్టీలో పోటీదారులు... విశ్లేషకులు అన్నీ తూకం వేస్తారు. అసలు ప్రశ్న మాత్రం అడగరు. ఆయన మధ్యలో లేచిపోతే ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారు? కూర్చోబెట్టేది ఎవరు?

లెక్క చూద్దాం. 1990 నుంచి 2024 దాకా సెనేట్‌లో ఉండగానే గవర్నర్‌గా గెలిచినవారు ఆరుగురు. డర్క్ కెంప్‌థోర్న్, శామ్ బ్రౌన్‌బ్యాక్, మైక్ బ్రాన్ ఆరేళ్ల గడువు తీరే వేళ రాష్ట్రానికి మళ్లారు. వారితో పేచీ లేదు. గడువు తీరకుండా లేచిపోయినవారు పీట్ విల్సన్, ఫ్రాంక్ ముర్కోస్కీ, జాన్ కార్జైన్. తాము ఖాళీ చేసిన సీటులో ఎవరు కూర్చోవాలో కొత్త గవర్నర్ హోదాలో తామే నిర్ణయించారు. ముగ్గురికి ముగ్గురూ! బస్సు ఎక్కకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాళ్లను చూశాం. దిగిపోయాక కూడా సీటు తనదేనన్నట్టు కర్చీఫ్ వేసి వెళ్లడం ఇక్కడే చూస్తున్నాం.

కాలిఫోర్నియాలో విల్సన్ 1988లో మరో ఆరేళ్లకు ఓట్లు అడిగారు. రెండేళ్లు తిరక్కుండానే డయాన్ ఫైన్‌స్టైన్‌ను ఓడించి గవర్నరయ్యారు. సెనేట్ సీటును జాన్ సీమోర్‌కు అప్పగించారు. 1992లో ఓటర్లకు అవకాశం రాగానే సీమోర్‌ను ఇంటికి పంపి, అదే ఫైన్‌స్టైన్‌ను గెలిపించారు. అలాస్కాలో ముర్కోస్కీ 2002లో తన సీటును ఇచ్చింది ఎవరికి? కన్నకూతురు లీసాకు. న్యూజెర్సీలో కార్జైన్ ఏరికోరి పంపిన బాబ్ మెనెండెజ్ 2024లో అవినీతి కేసులో దోషిగా తేలి రాజీనామా చేశారు.

రాష్ట్రాన్ని నడిపించడం వందమందిలో ఒకరిగా ఓటేయడం కన్నా పెద్ద పనేనని కొందరి వాదన. కావచ్చు. 2010లో సొంత పార్టీ టికెట్ దక్కకపోయినా, బ్యాలట్‌పై ఓటర్లు చేత్తో పేరు రాసి మరీ లీసాను గెలిపించారు కదా అని మరికొందరు గుర్తు చేస్తారు. నిజమే, ఆమె సమర్థురాలు. కానీ 2010 నాటి ఓట్లు 2002 నాటి నియామకాన్ని కడిగేయలేవు. ఆమెకు తొలి మెట్టు వేసింది ఓటరు కాదు, నాన్న.

సెనేటర్లను శాసనసభలు కాక ప్రజలే ఎన్నుకోవాలని 1913లో 17వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. ముందు తలుపు ఓటరుకు తెరిచి, పెరటి తలుపు తాళం గవర్నర్ చేతికిచ్చే వీలును రాష్ట్రాలకు వదిలేశారు. ఒరెగాన్, విస్కాన్సిన్ వంటి కొన్ని రాష్ట్రాలు ఆ తాళం ఇవ్వలేదు. అక్కడ ఖాళీ అయితే ఎన్నికే. మన దగ్గర 2014లో కేసీఆర్ మెదక్ ఎంపీ స్థానం వదులుకుని తెలంగాణ ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీ అభ్యర్థిని నిలబెట్టగలిగారు గానీ, నేరుగా ఎంపీని నియమించలేకపోయారు. సెప్టెంబరులో మెదక్ ఓటరే తేల్చాడు.

ఇదంతా పాత ముచ్చట కాదు. 2024 నవంబరులో ఆరేళ్లకు గెలిచిన మార్షా బ్లాక్‌బర్న్ తొమ్మిది నెలలకే టెన్నెసీ గవర్నర్ బరిలో దిగారు. 2022లో మళ్లీ గెలిచిన మైకేల్ బెనెట్ 2025 ఏప్రిల్‌లో కొలరాడో గవర్నర్ పోటీకి సిద్ధమయ్యారు. ఒకరు రిపబ్లికన్, ఒకరు డెమొక్రాట్. ఈ జబ్బుకు పార్టీ లేదు. పైగా బెనెట్ 2009లో సెనేట్‌లో అడుగుపెట్టిందే గవర్నర్ నియామకంతో!

‘పోటీ చేస్తారా’ అని ఊరించే విశ్లేషకులు ఇకనైనా ఆ ముగ్గురి పేర్లు చదవాలి. ఆరేళ్లకు ఓటు అడిగి రెండేళ్లకే వెళ్లేవారు ఓటరుకు సంజాయిషీ చెప్పాలి. వెళ్తూ వారసుడిని కూడా తామే ఎంచుకుంటామంటే అది ప్రజాసేవ కాదు, జమీందారీ. దీనికి మందు వాషింగ్టన్‌లో వెతకక్కర్లేదు. గవర్నర్‌కిచ్చిన అధికారాన్ని రాష్ట్ర శాసనసభే ఒక చట్టంతో వెనక్కి తీసుకోవచ్చు. శాసనసభ మీదే ఆధారపడకుండా ఓటర్లు ఏం చేయగలరో అలాస్కా చెప్పింది. సెనేట్ ఖాళీని ఎన్నికతోనే నింపాలని 2004లో ఓటర్లే తీర్పిచ్చారు. 2006లో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే గవర్నర్ ముర్కోస్కీని మూడో స్థానానికి నెట్టారు. మిగతా రాష్ట్రాలు బుద్ధి తెచ్చుకోవడానికి తమ గవర్నరూ కూతురికి సీటు కట్టబెట్టే దాకా ఆగాలా?