మూడో వారంలో మొరాయించే కాటా

తెల్లవారుజామున భీమ్‌గల్‌లో రోడ్డెక్కితే నడకకు బయల్దేరినవాళ్లు ఎదురవుతారు. లింబాద్రి గుట్ట వైపు కొందరు, ఆర్మూర్ వైపు కొందరు. వారిలో ఒకావిడను ఊహించుకుందాం. వయసు 42. ఇంటాయన దుబాయ్‌లో. పగలంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం ఆమె పని. కూర్చున్న చోటి నుంచి లేచేది అన్నానికీ, నీళ్లకే. బరువు 74 కిలోలు.

‘షుగరు అంచుల్లో ఉందమ్మా, బరువు తగ్గాలి’ అన్నాడు డాక్టరు. అంతే, సోమవారం నుంచే మొదలుపెట్టింది. రాత్రి అన్నం బంద్, రెండు జొన్నరొట్టెలు. చాయ్‌లో చక్కెర బంద్. పొద్దున గంట నడక. వారం తిరిగేసరికి కాటా 72.2 చూపించింది. సంబరంగా దుబాయ్‌కి ఫోను చేసి చెప్పింది. రెండో వారం 71.9. పర్లేదు అనుకుంది. మూడో వారం... 72.3!

అదే తిండి, అదే నడక. అయినా పెరిగింది. నాలుగో వారం ఆమె రోడ్డు మీద కనిపించలేదు.

‘‘ఏంది వదినె, నడుసుడు బంద్ వెట్టినవా?’’ పక్కింటామె పలకరింపు.

‘‘నడిసి నడిసి కాళ్లు నొచ్చుడే గని కిలో తగ్గుతలేదు. నా ఒళ్లే అసుంటిది.’’

బరువు తగ్గాలనుకుని మధ్యలో మానేసేవారిలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెలంగాణలో ఈ అవసరం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారని 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మరి ఆ వదినె ఒంట్లో నిజంగా ఏదైనా లోపం ఉందా? లేదు. పొరపాటంతా కాటాను చదవడంలోనే.

నీళ్ల బరువు వేరు

ఆ లెక్క పసుపు పండించే ఊరికి కొత్తదేమీ కాదు. తవ్విన పచ్చి పసుపును ఉడకబెట్టి, కల్లంలో ఎండబోస్తారు. వంద కిలోల పచ్చి పసుపు ఎండితే చేతికొచ్చేది ఇరవై, పాతిక కిలోలే. మిగతాదంతా దాదాపు నీరే. కుప్ప తేలికైందని ‘అయ్యో, నా పసుపు పోయింది’ అని ఏ రైతూ గుండెలు బాదుకోడు. ఎండుతున్న కొమ్ముల మీద మంచు పడి మళ్లీ కాస్త బరువెక్కితే పంట పెరిగిందని సంబరపడడు. పోయింది నీరో, సరుకో అతనికి తెలుసు.

మన ఒంట్లోనూ అంతే. తిన్న అన్నం, రొట్టెల్లోని పిండిపదార్థాన్ని కాలేయం, కండరాలు గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. మొత్తం కలిపి అరకిలో దాకా ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే శరీరం ముందు ఈ నిల్వను వాడుకుంటుంది. దాంతోపాటే నీరూ బయటికి పోతుంది. అందుకే మొదటి వారం ఒకటి, రెండు కిలోలు ఇట్టే దిగిపోతాయి. అందులో కొవ్వు కొంచెమే.

కొవ్వు అంత తేలిగ్గా కరగదు. శరీరంలోని కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు ఖర్చవ్వాలి. రోజూ 500 క్యాలరీలు తగ్గించుకోగలిగితే వారానికి 3,500. అంటే కరిగేది 450 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా వారానికి అరకిలో తగ్గడమే క్షేమమంటుంది.

ఇప్పుడు వదినె లెక్క చూద్దాం. మూడు వారాల్లో కరగాల్సిన కొవ్వు కిలోంబావు పైచిలుకు. కాటా ప్రకారం 74 నుంచి 72.3కి, అంటే 1.7 కిలోలు తగ్గింది. ఎక్కడా వెనకబడలేదు! మొదటి వారం నీళ్లతో కలిపి ముందే ఎక్కువ చూపించిన కాటా, మూడో వారం ఆ నీళ్లను కాస్త వెనక్కి తెచ్చింది. ఆమె చూసింది ఆ నీళ్లనే.

నీళ్లు వెనక్కి రావడానికి కారణాలు బోలెడు. నెలసరి ముందు చాలామంది ఆడవాళ్ల ఒంట్లో నీరు చేరుతుంది. పెళ్లి భోజనంలో ఉప్పూ, పచ్చడీ ఎక్కువైనా అంతే. కొత్తగా నడక మొదలుపెడితే అలవాటు లేని కండరాలు కోలుకునేందుకు నీటిని పట్టుకుంటాయి. మలబద్ధకం ఉన్నా కాటా మొగ్గుతుంది. ఇవన్నీ కలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే కిలో, కిలోన్నర తేడా రావడం మామూలే. వారమంతా కష్టపడి కరిగించిన అరకిలో దాని వెనక కనిపించకుండా పోతుంది.

మధ్య నెలలు కనబడవు

మనం చూసేది ఎప్పుడూ మొదలూ, చివరే. 2006లో ‘రాఖీ’లో బొద్దుగా ఉన్న జూనియర్ ఎన్టీఆర్, 2007లో ‘యమదొంగ’ నాటికి సన్నబడి కనిపించేసరికి జనం ముక్కున వేలేసుకున్నారు. రెండు సినిమాల మధ్య గడిచిన నెలలు మాత్రం ఏ పోస్టరు మీదా ఉండవు.

ఆ మధ్య కాలాన్ని రాసిపెట్టినవాడు విలియం బాంటింగ్. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. బరువు తగ్గాలని ఏళ్లతరబడి తంటాలు పడ్డాడు. డాక్టరు వ్యాయామం చేయమంటే పొద్దున్నే పడవ నడిపాడు. కండబలంతోపాటు ఆకలీ విపరీతంగా పెరిగి, బరువు ఇంకాస్త ఎక్కువైంది! చివరికి 1862లో మరో డాక్టరు సలహాతో బ్రెడ్డు, చక్కెర, బీరు, బంగాళదుంపలు తగ్గించాడు. ఏడాదిలో 46 పౌన్లు, అంటే దాదాపు 21 కిలోలు తగ్గాడు. 1863లో ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చేశాడు. సగటు చూస్తే వారానికి అరకిలో కూడా లేదు. వారం వారం తూచుకుని విసుగెత్తి మానేసి ఉంటే ఆ పుస్తకం వచ్చేదే కాదు.

కాటాకు తెలియని లాభం

డాక్టరు భయమంతా షుగరు గురించే కదా! 2006లో వెలువడిన భారత మధుమేహ నివారణ అధ్యయనం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. చెన్నైలో, షుగరు అంచుల్లో ఉన్న 531 మందిని మూడేళ్లపాటు గమనించారు. మామూలు సలహాతో వదిలేసినవారిలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో 39 మందికే. విశేషమేమిటంటే, ఆ మార్చుకున్నవారి సగటు బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు! కాటా కదలకున్నా మేలు జరిగింది.

అందుకని కాటాను నెలకోసారి నమ్మాలి, రోజూ కాదు. వారానికి ఒకే రోజు, పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు తూచుకుని క్యాలెండర్ మీద రాయండి. నాలుగు వారాలకోసారి వెనక్కి చూడండి. నడుముకు టేపు పెట్టి అదీ రాయండి. మనవాళ్లలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. మొదటి లక్ష్యం ఉన్న బరువులో ఐదు శాతం చాలు. 74 కిలోల మనిషికి అది నాలుగు కిలోల లోపే.

విసుగులో చేసే రెండు పనులు మాత్రం వద్దు. ఒకటి, ‘ఇంకా కడుపు మాడ్చుకుంటా’ అని ఒంటిపూటకు దిగడం. కొవ్వుతోపాటు కండా పోతుంది, నాలుగో రోజు ఆకలి రెండింతలై వస్తుంది. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గకుండా చూసుకోవాలి. రెండు, ‘నడుస్తున్నా కదా’ అని తినడం. ఆ బరువున్న మనిషి గంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 క్యాలరీలు. నాలుగు బజ్జీలతో అది చెల్లుకు చెల్లు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి తగ్గించేముందు డాక్టరును అడగాల్సిందే. రెండు మూడు నెలలు నిక్కచ్చిగా ఉన్నా తేడా లేకపోతే థైరాయిడ్ పరీక్ష సంగతీ అడగాలి.

వదినెకు ఇంకో కొలతా ఉంది. కార్తీకంలో లింబాద్రి నరసింహస్వామి జాతర. నిరుడు గుట్టెక్కుతూ ఎన్నిచోట్ల కూలబడిందో ఆమెకు గుర్తే. నడక మళ్లీ మొదలుపెట్టి అప్పటిదాకా సాగిస్తే, ఈసారి ఎన్నిచోట్ల ఆగాల్సి వచ్చిందో మెట్ల మీదే లెక్క తేలిపోతుంది.