అలమారకు అందం ఒక్కటే చాలునా?

పండుగ సమీపించగానే గృహిణులు వంటింటి అలమారలు దులిపి, అరలలో పూల బొమ్మల ప్లాస్టిక్ షీట్లు పరుస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. అయితే పైన కనిపించే అందంతో తృప్తి పడక, దాని అడుగున ఏమున్నదో కూడా చూడాలని నా మనవి.

ఈ పాఠం నేను నా ఇంటిలోనే నేర్చాను. మందుల అరలో ఆకుపచ్చ లతల షీటు పరిపించి మురిసిపోయాను. శ్రావణ మాసపు ముసురులో త్రిఫల చూర్ణం పొట్లాల అట్టపెట్టె తీయబోతే చేతికి చెమ్మ తగిలింది. షీటు ఎత్తితే చెక్క నిండా బూజు, మూలన బొద్దింక గుడ్లు! చూర్ణమంతా పారవేయవలసి వచ్చింది. పొగ, వాన, గాలి, చెమ్మ సోకని చోట ఔషధాలను ఉంచాలన్న సుశ్రుతుని ఉపదేశాన్ని గురుకులంలో వల్లించినవాడినే. అందానికి లోబడి మరచాను.

పాత వార్తాపత్రికలూ తగవు. వాటి సిరా ఆహారానికి అంటుతుంది. ఆహారాన్ని వాటిలో చుట్టడాన్నీ, నిల్వ చేయడాన్నీ 2018 నాటి కేంద్ర నిబంధనలు నిషేధించాయి. కలరా ఉండలను తినే పదార్థాల దరికి రానీయకండి. పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం.

అరను తుడిచి, బాగుగా ఆరిన పిమ్మట లేతరంగు నూలుగుడ్డ పరవండి. మరకైనా పురుగైనా వెంటనే కనబడుతుంది. అడుగున ఎండు వేపాకు చల్లండి. గుడ్డను అంటించక, పదిహేను రోజులకొకసారి ఉతికి ఎండలో ఆరవేయండి.

అందం వద్దనను; ఎత్తి చూడడానికి వీలైన అందాన్నే ఎన్నుకోండి.