పొదుపు పుట్టిన జిల్లాలో వడ్డీ పోటు
సంఘం ఖాతాలో సొమ్మున్నా బయటి అప్పులే దిక్కు

నెల్లూరు: పప్పు ధర పెరిగినపుడు చారుతో సరిపెట్టుకోవడం, చింతపండు, ఎండుమిర్చి వేసవిలోనే ఏడాదికి సరిపడా కొని జాడీలకెత్తడం, నూనెను పొట్లాలుగా కాక డబ్బాగా తెచ్చుకోవడం జిల్లా ఇల్లాళ్లకు ఎవరూ నేర్పనవసరం లేని విద్యలు. అయినప్పటికీ మెట్ట ప్రాంతంలోని కూలి కుటుంబాల చేతిలో నెలాఖరుకు రూపాయి నిలవడం లేదు. వంటింట్లో మిగిల్చినది వడ్డీ రూపంలో వీధి గుమ్మం దాటిపోతుండటమే ఇందుకు ప్రధాన కారణంగా కనిపిస్తోంది.

పొదుపు అన్న మాటకు ఈ జిల్లాలో ఒక చరిత్ర ఉంది. 1992లో దూబగుంట మహిళలు సారాపై సమరం సాగించారు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. సారా అంగడికి పోయే సొమ్ము ఇంట మిగలడంతో రోజుకొక రూపాయి చొప్పున దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ ఉద్యమం ఇక్కడే ఊపందుకుంది. స్వయం సహాయక సంఘాలు రాష్ట్రమంతటా విస్తరించడానికి అది బాటలు వేసింది. 2004 తర్వాత పావలా వడ్డీ, 2012లో వడ్డీ లేని రుణాలు అందుబాటులోకి వచ్చాయి. మరోవైపు సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఆగడాలు శ్రుతిమించడంతో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు తీర్చడానికి అప్పు చేసే అలవాటు మాత్రం నేటికీ పోలేదు.

వడ్డీ లెక్క ఇదీ

పల్లెల్లో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ సర్వసాధారణం. పది వేలు తెచ్చిన ఇల్లు నెలకు 300, ఏడాదికి 3,600 రూపాయలు చెల్లిస్తున్నా అసలు అంగుళం కదలదు. రోజువారీ ఫైనాన్సు వ్యవహారం దీనికన్నా దారుణం. పది వేలు రాయించుకుని చేతికి 9 వేలే ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పోయింది వెయ్యి రూపాయలే కదా అని చిరు వ్యాపారులు సరిపెట్టుకుంటారు. అసలు రోజురోజుకూ తగ్గుతున్న సంగతిని పరిగణనలోకి తీసుకుంటే ఈ వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది.

కరెంటు ఆదాతో దీనిని పోల్చి చూడవచ్చు. పాత ఫ్యాన్లు 75 వాట్లు తీసుకుంటే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లకు 30 వాట్లు చాలు. రెండు ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగే ఇంట్లో నెలకు 27 యూనిట్లు మిగులుతాయి. నెలకు 125 యూనిట్లు వాడే కుటుంబానికి, 2022లో సవరించిన శ్లాబుల ప్రకారం యూనిట్ 4.50 రూపాయల వంతున, మిగిలేది సుమారు 120 రూపాయలు. రెండు ఫ్యాన్లకు 5 వేలు పెట్టారనుకుంటే ఆ సొమ్ము రాబట్టుకోవడానికి మూడేళ్లకు పైగా పడుతుంది. మిగుల్చుకోవలసినదే, కాదనలేం. కానీ పది వేల బయటి అప్పు ఒక్కటి తీరితే నెలకు 300 ఆ రోజు నుంచే మిగులుతుంది.

మూలుగుతున్న సొమ్ము

అసలు విడ్డూరం సంఘాల ఖాతాల్లో ఉంది. పదిమంది సభ్యులు నెలకు వంద చొప్పున ఐదేళ్లు దాస్తే 60 వేలు పోగవుతుంది. బ్యాంకు పొదుపు ఖాతాలో ఆ మొత్తానికి వచ్చే వడ్డీ ఏడాదికి 3 శాతం లోపే. ఆ సభ్యులే ఆసుపత్రి ఖర్చుకో, బడి ఫీజుకో 36 శాతానికి బయట చేయి చాస్తున్నారు. అదే సొమ్ము నుంచి ఐదుగురు తలా పది వేలు రూపాయి వడ్డీకి అంతర్గత అప్పుగా తీసుకుంటే నెలకు ఐదుగురి నుంచి వచ్చే వడ్డీ 500. అది కూడా తిరిగి సంఘానికే చేరుతుంది. బయట తెచ్చి ఉంటే నెలనెలా 1,500 ఊరి వడ్డీ వ్యాపారికి సమర్పించుకోవలసి వచ్చేది.

పొదుపు సొమ్ము తీస్తే పెద్ద రుణం రాదన్న భయం సభ్యులను వెనక్కి లాగుతోంది. కొన్నిచోట్ల బ్యాంకు కౌంటర్ల వద్ద వినిపించే మాట కూడా ఇదే. వాస్తవానికి సంఘాలకిచ్చే 10 లక్షల రూపాయల లోపు రుణాలకు హామీ అడగరాదని, వారి పొదుపు ఖాతాపై ఆంక్ష విధించరాదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. పైగా అంతర్గత అప్పులు సక్రమంగా నడపడం, వాయిదాలు సకాలంలో వసూలు కావడం మంచి సంఘానికి ఉండవలసిన ‘పంచ సూత్రాల’లో భాగమే. ఈ సంగతి సమావేశాల్లో సభ్యులకు విడమరచి చెప్పవలసిన బాధ్యత సిబ్బందిది.

రెండో చిక్కు పుస్తకాలది. ఎవరెంత తీసుకున్నారో, ఎవరెంత కట్టారో ఎప్పటికప్పుడు రాసేవారు లేకపోతే అంతర్గత అప్పు గొడవలకే దారితీస్తుంది. ఒకసారి మాట తేడా వచ్చిన సంఘంలో ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తరు. చదువుకున్న కోడళ్లు, కూతుళ్లు ఉన్న ఊళ్లలో కూడా తీర్మానాల పుస్తకం నెలల తరబడి ఖాళీగా ఉండటం, బ్యాంకు రుణానికి వెళ్లే ముందు రోజు రాత్రి కూర్చుని అన్ని నెలలూ ఒకే చేతిరాతతో నింపేయడం కద్దు.