మాటల పుట్టుక: టాలెంట్

"మా చిన్నవాడికి టాలెంట్ లేదండీ, ఏదో బడికి పోతున్నాడు" అని పిల్లవాడి ఎదుటే అనే తల్లిదండ్రులున్నారు. అందుకే ఈ నెల ఆ మాట సంగతి చూద్దాం. హాలిడే అంటే మొదట పరిశుద్ధ దినమనీ, గుడ్‌బై అంటే 'దేవుడు మీకు తోడైయుండును గాక' అనీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. టాలెంట్ కథ వాటికంటె పొడుగైనది.

గ్రీకు భాషలో 'తలాంతొన్' అంటే త్రాసు. తర్వాత త్రాసులో తూచే బరువుకూ, ఆ బరువుగల వెండికీ అదే పేరు వచ్చింది. మన తెలుగు బైబిల్లోని 'తలాంతు' ఇదే. సంస్కృతంలో త్రాసును 'తుల' అంటారు. ఈ రెండూ ఒకే మూలం నుండి పుట్టిన మాటలని భాషా పండితులు తేల్చారు. అంటే మన కంసాలి తూచే తులం, బైబిల్లోని తలాంతు చుట్టాలన్నమాట! అయితే ఎంత తేడా చూడండి. పాత తులం 11.66 గ్రాములు. ఏథెన్సు పట్టణపు తలాంతు సుమారు 26 కిలోలు. అంటే 2,200 తులాలకు పైమాటే.

ఒక తలాంతుకు 6,000 ద్రాక్మలు. దేనారం విలువ కూడా దాదాపు ద్రాక్మ అంతే. దేనారమంటే కూలివాని ఒక రోజు కూలి అని మత్తయి 20వ అధ్యాయంలో చూస్తాం. ఏడాదికి 300 రోజులు పని దొరికిందనుకున్నా, ఒక్క తలాంతు సంపాదించడానికి 20 ఏళ్ళు పడుతుంది. మత్తయి 25వ అధ్యాయంలో అందరికంటె తక్కువ పొందిన దాసుని చేతిలో పెట్టినది అంత సొమ్ము! ఒక్కటే గదా అని మనం జాలిపడతాం గాని, ఆనాడు ఆ కథ విన్న కూలివాండ్రు నోరు వెళ్ళబెట్టి ఉంటారు.

ఇంగ్లీషులో కూడా టాలెంట్ అంటే మొదట తూకమూ, సొమ్మే. ఆ ఉపమానంలోని వెండిని దేవుడు మనిషికి అప్పగించిన శక్తిగా బోధిస్తూ రాగా, 15వ శతాబ్దంలో నేటి అర్థం ఏర్పడింది. ఇప్పుడు ఆ ఉపమానం వినని వాళ్ళు కూడా ఆ మాట వాడుతున్నారు.

మన సంఘాల్లో తలాంతుల పోటీలు పెట్టి, మొదటి బహుమతి, రెండవ బహుమతి ఇస్తుంటాం. పిల్లలకు సరదాయే, కాదనను. కాని కథలో ఐదు తలాంతులవానికీ, రెండు తలాంతులవానికీ యజమానుడు చెప్పిన మెప్పు ఒక్కటే. 21, 23 వచనాలు పక్కపక్కన పెట్టి చదివి చూడండి.