ద్వీపయాత్ర – అతిథిధర్మము

మార్కాపురము, గిద్దలూరు, కంభము మొదలగు పశ్చిమ ప్రకాశము ప్రాంతములందు నీటి విలువ నెరుగని బాలుడు లేడు. పలకల గనులకు పేరొందిన ఈ మెట్టసీమలో వేసవి రాగానే బావులు అడుగంటును. దొరకు నీటిలోను పలుచోట్ల ఫ్లోరైడు అధికము. ట్యాంకరు కొరకు వీధులలో బిందెలు బారులు తీరును. ఇట్టి సీమలోని కుటుంబమొకటి సెలవులలో అండమాను దీవులకు పోదలచినచో సంతోషింపదగినదే. కాని "ఎంత ధనము కావలెను?" అను ప్రశ్నకు ముందు "అచ్చట నీరెంత గలదు?" అను ప్రశ్న పుట్టవలెను.

నలుదెసల సముద్రము, పైన వర్షము గల దీవులకు నీటి కొరత యేమని కొందరు శంకింతురు. అచ్చట ఏటేట సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియుట నిజమే. ఐనను కొండవాలు నేలలగుటచే ఆ నీరు చాలవరకు త్వరగా సముద్రమున కలిసిపోవును. జనవరి నుండి ఏప్రిలు వరకు వానలు స్వల్పము. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు పట్టణము ప్రధానముగా ధనిఖారి జలాశయముపై ఆధారపడియున్నది. అందు నీరు తగ్గినపుడు పట్టణవాసులకు నీరు వంతులవారీగా వచ్చును. అట్టి దినములలో యాత్రికుడు వృథాచేయు ప్రతి బిందెయు ఇంటివారి వంతునుండి తీసినదే యగును.

కాలనిర్ణయమునకును ఇదియే ఆధారము. నైరృతి ఋతుపవనము సామాన్యముగా మే నెల మూడవ వారమున అండమానును చేరును. ఆంధ్రదేశమునకు జూనులో వచ్చును. కావున వేసవి సెలవుల తొలి సగమున అచ్చట నీరు తక్కువ. మలి సగమున సముద్రము కల్లోలము. సంక్రాంతి నాటికి సముద్రము తరచు శాంతముగా నుండును. వానలనాటి నీరును జలాశయమున నిలిచియుండును. అయితే విశాఖపట్నము నుండి గాని, చెన్నపట్టణము నుండి గాని దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడకు రమారమి మూడు దినములు పట్టును. రాకపోకలకే ఆరు దినములు చెల్లిపోవును. విమానము కొలది గంటలలో చేర్చును గాని వ్యయము హెచ్చు. ఒక యేడు ఆగి ధనము కూడబెట్టి అనువైన కాలమున పోవుటయే వివేకము.

ద్వీపములందు మనుష్యులును గలరు. నల్లమలలోని చెంచులను వింతవస్తువులవలె చూచువారిని ఈ ప్రాంతపు పెద్దలు మెచ్చరు. జారవాల విషయమునను అదే నీతి వర్తించును. ఆదిమజాతుల రక్షణకై 1956లోనే అచ్చట ప్రత్యేక నిబంధన ఏర్పడెను. వారి అడవిగుండా పోవు దారిలో బండి నాపుట, ఛాయాచిత్రములు తీయుట, తినుబండారములు విసరుట నిషిద్ధము.

"సొమ్ము చెల్లించితిమి, ఇష్టము వచ్చినట్లు వాడుకొందుము" అనువారు గలరు. సొమ్ము గదికి అద్దె యగును గాని వాన కురిపింపజాలదు. "అట్లయిన పోకుండుటయే మేలు గదా" అని మరికొందరందురు. అదియు సరి కాదు. యాత్రికుల రాకచే అచ్చట అనేక కుటుంబములు జీవించుచున్నవి. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారిలో సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా గలవారు. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు, స్వాతంత్ర్యమునకై పడిన పాట్లకు నేటికిని సాక్షి. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమానులో శిక్ష ననుభవించి, 1952లో లోకసభకు ఎన్నికయ్యెను. ఇట్టి చోటును విద్యార్థులు చూడకుండుట లోపమే.

మంచమున్నంతవరకే కాళ్లు చాచవలెనని పెద్దల మాట. ఇది ధనమునకే గాక నీటికిని వర్తించును. బిందె నీటితో ఇల్లు గడుపుట నేర్చిన మెట్టసీమ బిడ్డలు ఆ నేర్పును ద్వీపమునకు వెంట గొనిపోవలెను. స్నానమునకు ఒక బకెట్టు నీరు చాలును. తెచ్చిన ప్లాస్టికును తిరిగి తెచ్చుకొనవలెను. పగడపు ముక్కలను సముద్రముననే విడువవలెను. అతిథి వెడలిన పిదప ఇంటివారి కుండలో నీరు మిగిలియుండవలెను.